ఐదు సీసాలు, 40 గ్లాసులు, ఒక గోంగూర మాంసం

మా గరాజ్‌లో పై అర మీద మూడు అట్టపెట్టెలున్నాయి. వాటిలో 36 వైన్ గ్లాసులు. కొన్నప్పుడు 40. రెండు ఆ రాత్రే పగిలాయి, ఇంకో రెండు మర్నాడు పొద్దున్న సింకు దగ్గర నా చేతిలోనే కాడ దగ్గర విరిగాయి. ఎనిమిది మంది భోజనానికి అన్ని గ్లాసులేమిటే అని అమ్మ బాపట్ల నుంచి వీడియో కాల్‌లో అడిగింది. "మనిషికి ఐదమ్మా. ఒక్కో వంటకానికి ఒక్కో వైన్" అన్నాను. అమ్మ కాసేపు నా మొహం చూసి, "పెళ్ళి భోజనానికి కూడా మంచినీళ్ళ గ్లాసు ఒకటే కదే పెడతాం" అంది.

ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే డబ్బులు మిగిలేవి, మా బావగారి నాలుకా బాగుండేది.

మన తిండికి వైన్ పడదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పక్కవాళ్ళ పట్టిక తెచ్చి మన విస్తరి మీద పరిచి, కుదరలేదని వైన్‌ని తిట్టుకుంటున్నాం. మాంసమైతే రెడ్, చేపైతే వైట్ అనే లెక్క గోంగూర ముందు, చింతపండు ముందు నిలవదు. మన వంటలో వైన్‌కి ఎదురొచ్చేవి పులుపూ కారమూ. ముక్క కోడిదా మేకదా అన్నది తర్వాతి సంగతి. ఈ ముక్క నాకు తెలియడానికి ఒక విందు చెడిపోవాల్సి వచ్చింది, నల్గొండ నుంచి మా మామయ్య రావాల్సి వచ్చింది.

అసలు వైన్ గొడవ నాకెందుకో ముందు చెప్పాలి. ఇక్కడ కాలిఫోర్నియాలో డబ్లిన్, ప్లెజంటన్, లివర్‌మోర్ చుట్టుపక్కల మనవాళ్ళ పార్టీలు ఎలా ఉంటాయో వెళ్ళినవాళ్ళకి తెలుసు. మగవాళ్ళు పాటియోలో విస్కీ, సోడా, ఐసు ముందేసుకుని కూర్చుంటారు. లోపల్నుంచి స్టార్టర్లు ప్లేట్లకి ప్లేట్లు వెళ్తూనే ఉంటాయి. ఆడవాళ్ళం వంటింట్లో నిలబడి పిల్లలకి తినిపిస్తూ, అరగంటకోసారి తలుపు తీసి "ఇంకెప్పుడు తింటారండీ" అని అడుగుతూ ఉంటాం. పదకొండింటికి వాళ్ళు లోపలికి వచ్చేసరికి పులుసు రెండుసార్లు వేడి చేసి ఉంటుంది, ఎవరికీ ఆకలుండదు. రెండు రోజులు ఒళ్ళు వంచి వండింది డబ్బాల్లో సర్దుకుని తలా ఇంత పట్టుకుపోతారు. వైన్ అలా కాదు, తింటూ తాగేది. బల్ల దగ్గర కూర్చోకపోతే దానికి అర్థం లేదు. ఆడా మగా ఒకేసారి కూర్చుని, వేడివేడిగా తినడానికి ఇది మంచి సాకు అనిపించింది నాకు. వైన్ మీద ప్రేమ తర్వాత పుట్టింది.

పైగా మేముండేది ద్రాక్షతోటల ఊళ్ళో. లివర్‌మోర్‌లోని వెంటీ, కాంకానన్ వైనరీలు రెండూ 1883 నాటివి. కాలిఫోర్నియాలో పండే షార్డొనే అనే తెల్ల ద్రాక్షలో చాలా భాగం వెంటీ వాళ్ళ తోటలోంచి పాకిన తీగల సంతానమే. శనివారం కూరగాయలకి వెళ్ళినట్టు వైనరీకి వెళ్ళొచ్చు. ఊళ్ళో వైన్ షాపంటే వైన్ తప్ప అన్నీ దొరికే చోటు అనుకుంటూ పెరిగినదాన్ని, ఈ వైభవం చూసి కాస్త తల తిరిగిందనే చెప్పాలి.

సరే, ఆ విందు. ఐదు వంటకాలు, ఐదు వైన్లు. అల్లం పచ్చడితో గారెలకి బుడగల వైన్. రొయ్యల వేపుడుకి సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్. చేపల పులుసుకి ఓక్ పీపాల్లో పెట్టిన షార్డొనే. గోంగూర మాంసానికి 65 డాలర్లు పోసి కొన్న కాబర్నే సావిన్యాన్ అనే రెడ్ వైన్. చివర బొబ్బట్లకి పోర్ట్ అనే తియ్యటి, ఘాటైన వైన్. పట్టికలన్నీ చదివి, కాగితం మీద రాసుకుని, ప్రతి కంచం పక్కనా చిన్న చీటీ కూడా పెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

గారెలు బ్రహ్మాండంగా వెళ్ళాయి. నూనెలో వేగినదానికి బుడగలూ పులుపూ ఉన్న వైన్‌ని మించింది లేదు. నాలుక మీది జిడ్డంతా కడిగేసి మళ్ళీ ఇంకో గారె వైపు చెయ్యి లాగుతుంది. రొయ్యల దగ్గర ఫరవాలేదనిపించింది. పులుసు దగ్గర మొదలైంది కష్టం. చింతపండు పులుసు ఒక ముద్ద తిని షార్డొనే తాగితే, వైనరీలో పది నిమిషాలు పొగిడిన ఆ వైన్ చప్పగా, వెన్న కలిపిన నీళ్ళలా అయిపోయింది. అందరూ మొహమాటానికి తలలూపారు. మా స్నేహితురాలొకతి మాత్రం గ్లాసు పక్కకి జరిపి, "నీళ్ళెక్కడే" అంది.

గోంగూర మాంసం వచ్చింది. గుంటూరు మిరప, లేత మేకమాంసం, పుల్లటి ఎర్ర గోంగూర, పైన వేయించిన ఎండుమిర్చి. బావగారు పెద్ద ముద్ద పెట్టుకుని, దాని మీద కాబర్నే ఒక గుక్క గట్టిగా పట్టారు. ఆ తర్వాత రెండు క్షణాలు ఏమీ అనలేదు. కళ్ళలో నీళ్ళు. "నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టుందమ్మా" అన్నారు చివరికి. మా అక్క ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ మజ్జిగ గ్లాసు ఆ రాత్రి బల్ల మీదున్న 41వది.

ఎందుకలా అయిందో తర్వాత చదివాను. చదువుతుంటే ఇంతకంటే తేలిగ్గా మన భాషలోనే చెప్పొచ్చు కదా అనిపించింది. వైన్ క్లాసుల్లో 'టానిన్' అనే మాట అర్థం చెయ్యడానికి ఒక పూట తీసుకుంటారు. మనకి ఉగాది పచ్చడిలో మామిడి పిందె కొరికిన రోజే తెలుసు. వగరు. వక్క నమిలితే, జామ పిందె కొరికితే నాలుక బిరుసెక్కుతుందే, అదే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి, ఓక్ పీపాలోంచి వచ్చే ఆ వగరు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టేస్తుంది, నోరు ఎండిపోతుంది. ఎండిన నోట్లో కారం ఇంకా మండుతుంది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని ఆరు రుచులకి ఆరు సొంత మాటలున్నవాళ్ళం వైన్ గురించి మాట్లాడాల్సి వచ్చేసరికి బ్లాక్‌బెర్రీ, సిగార్ డబ్బా అంటూ ఎవరి జ్ఞాపకాలో ఎందుకు వల్లిస్తామో నాకర్థం కాదు. నేనింతవరకూ సిగార్ డబ్బా వాసన చూళ్ళేదు.

కారం అసలు రుచి కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని గుర్తుపట్టే నాడుల మీది గ్రాహకాన్ని తట్టి, కాలుతోందని అబద్ధం చెప్తుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తకి 2021లో నోబెల్ వచ్చింది. ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి పంచుకున్నాడు. ఆ గ్రాహకం మామూలుగా 43 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు కిందికి జారిపోయి, ఒంటి వేడికే మంటని కేక పెడుతుంది. అంటే పద్నాలుగున్నర శాతం ఆల్కహాల్ ఉన్న కాలిఫోర్నియా కాబర్నేని గోంగూర మాంసం మీద పోయడం బావగారు అన్నట్టు కిరసనాయిలు పోయడమే. ఆయన ఏ పుస్తకమూ చదవకుండానే సరిగ్గా చెప్పారు.

షార్డొనే సంగతి వేరు. ఆ రకం వైన్‌లో ద్రాక్షలోని పులుపుని పనిగట్టుకుని తగ్గిస్తారు. మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, వెన్న వాసన అప్పుడే వస్తుంది. లాక్టిక్ ఆమ్లమంటే మన పెరుగులో ఉండేదే. పెరుగులాంటి మెత్తటి పులుపుని తీసుకెళ్ళి చింతపండు ముందు నిలబెడితే ఏం గెలుస్తుంది? తిండి కన్నా వైన్ పుల్లగా ఉండాలి, లేకపోతే వైన్ చచ్చిపోతుంది. నాకు తెలిసినంతలో మన వంటకి ఇంతకంటే పనికొచ్చే సూత్రం లేదు.

ఇక్కడో తమాషా ఉంది. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్. చింతపండులో ఉండేది కూడా అదే. నిమ్మకాయది, మామిడిది వేరే సంసారం. వైన్ సీసా అడుగున ఒక్కోసారి గాజుపెంకుల్లా మెరిసే స్ఫటికాలు కనిపిస్తాయి, కొత్తవాళ్ళు భయపడి పారబోస్తుంటారు. అవి టార్టారిక్ ఆమ్లపు లవణాలే. 1848లో లూయీ పాశ్చర్ ఆ ఆమ్లపు లవణాల స్ఫటికాల్నే భూతద్దం కింద కుడివాటం, ఎడమవాటం అని చేత్తో ఏరి విడదీసి రసాయనశాస్త్రంలో కొత్త దారి తెరిచాడు. చింతపండు పులుసూ వైనూ పరాయివాళ్ళని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. దాయాదులవి. దాయాదులు కాబట్టే పోటీకొస్తాయి కూడా. పులుపులో వైన్ ఒక మెట్టు పైన లేకపోతే పులుసు దాన్ని బతకనివ్వదు.

వరసగా వంటకాలు, ఒక్కోదానికి ఒక్కో గ్లాసు అనే పద్ధతి అనాదిగా వస్తున్నదేమో అనుకున్నాను. కాదట. ఫ్రాన్సులో కూడా ఒకప్పుడు పెద్ద విందుల్లో వంటకాలు గుంపులుగా ఒకేసారి బల్ల మీద పరిచేవాళ్ళు. 1810 ప్రాంతంలో పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న అలెగ్జాండర్ కురాకిన్ ఇచ్చిన విందులతో ఒకదాని తర్వాత ఒకటి వడ్డించడం అక్కడ పరిచయమైందంటారు. దానికి రష్యన్ వడ్డన అనే పేరు అలా వచ్చింది. మొత్తమ్మీద 200 ఏళ్ళ ముచ్చట. మన విస్తరి దీనికీ దానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. చూడ్డానికి అన్నీ ఒకేసారి ఉంటాయి. తినేటప్పుడు మాత్రం పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అని ఎవరూ చెప్పకుండానే చెయ్యి వరస తప్పదు. కానీ ఆ వరసలో కూడా ఒక్క ముద్దలో ఒక్క రుచి ఉండదు. ముద్దపప్పులో నెయ్యి, దాని మీద ఆవకాయ, పక్కన కొరికిన వడియం. ఈ ముద్దకి ఏ వైన్? ప్రశ్నే తప్పు. జత కుదర్చాల్సింది మొత్తం విస్తరికి.

మా మామయ్య మేలో వచ్చారు, ఆరు నెలలుందామని. నల్గొండ దగ్గర పల్లెటూరు వాళ్ళది. నేను బాపట్ల, మా ఆయన నల్గొండ. మా ఇంట్లో పులుసు చిక్కదనం దగ్గర్నుంచి ప్రతిదానికీ రెండు రాష్ట్రాల పంచాయితీ ఉంటుంది. ఆయన కోసం మళ్ళీ గోంగూర మాంసం వండాను. మా ఆయన మిగిలిన ఇంకో కాబర్నే సీసా తీసి తండ్రికి కొంచెం పోశాడు. ఆయన ఒక చుక్క నాలుకకి అంటించుకుని, "వక్క నమిలినట్టుందిరా" అని పక్కన పెట్టేశారు. ఆఫీసులో ఎవరో ఇచ్చిన రీస్లింగ్ అనే వైట్ వైన్ సీసా ఒకటి ఎన్నాళ్ళుగానో ఫ్రిజ్ తలుపులో పడుంది. జర్మనీ మోజెల్ లోయది, కాబినెట్ అనే తేలికపాటి రకం, ఎనిమిదిన్నర శాతం ఆల్కహాల్. తియ్యటి వైన్ నాగరికులు తాగరని చదివి నేనే దాన్ని చిన్నచూపు చూశాను. వేరే ఏమీ చల్లగా లేవు కాబట్టి అదే తీశాం. ఆయన కాడ గ్లాసు వద్దన్నారు. స్టీలు గ్లాసులో పోశాం.

ఒక ముద్ద, ఒక గుక్క. మళ్ళీ ఒక ముద్ద, ఒక గుక్క. "బిడ్డా, ఇది కల్లు లెక్కనే ఉంది గదా. పొద్దుగాల దించిన ఈతకల్లు" అన్నారు.

నేనప్పటికి వంటింట్లో ఉన్నాను. నా గ్లాసు రైస్ కుక్కర్ వెనక ఉంది. మామయ్య ముందు తాగడమేమిటని నాకే బెరుగ్గా ఉండి అక్కడ దాచాను. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, ఈ దేశంలో పన్నెండేళ్ళు, అయినా చెయ్యి దానంతటదే కుక్కర్ వెనక్కి పోయింది. ఆయన అన్నం కోసం వంటింట్లోకి వచ్చి చూశారు. "ఆ కుక్కరెనక గ్లాసు ఎవలది? తెచ్చుకొని కూసో, ఏడెక్కుతది" అని, అన్నం గిన్నె తనే పట్టుకుని వెళ్ళిపోయారు. అంతే, దాని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేను వెళ్ళి కూర్చున్నాను.

ఆ రాత్రి కల్లు గురించి ఆయన చెప్పిందంతా నాకు వైన్ పాఠంలా వినిపించింది. తెల్లారుజామున దించినది తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులిసిపోతుంది. లొట్టిలోంచి తాటాకు రేకలోకి వంచుకుని తాగుతుంటే నాలుక మీద సన్నగా చురుకుమంటుంది. నంజుకోవడానికి గుడాలు, ఎండుచేపలు, బోటి కూర, అన్నీ నషాళానికంటే కారంతో. ఎవరూ పట్టిక రాసి ఇవ్వలేదు. కొంచెం తీపి, గట్టి పులుపు, సన్నటి బుడగ, తక్కువ ఆల్కహాల్. కారానికి ఏం కావాలో సరిగ్గా అవే. తీపి మంటని తగ్గిస్తుంది, పులుపు కొవ్వుని కోస్తుంది, ఆల్కహాల్ తక్కువ కాబట్టి నిప్పు ఎగదోయదు. పట్నం కాంపౌండ్లలో మత్తుమందు కలిపి అమ్మే కల్లు సంగతి నేను మాట్లాడ్డం లేదు, అది విషం. చెట్టు కింద తాగే కల్లు గురించి చెప్తున్నాను. ఏ ఊరి తిండికి ఆ ఊరి వైన్ అని యూరప్ వాళ్ళు అంటారు. మన ఊరి వైన్ తాటిచెట్టెక్కి కూర్చుంది, మనం కిందనుంచి ఫ్రాన్సు వైపు చూస్తున్నాం.

అప్పట్నుంచి నా లెక్క ఇదే. సీసా చేతిలోకి తీసుకోగానే అడుగుతాను, ఇది కల్లుకి ఎంత దగ్గర? మోజెల్ కాబినెట్ చాలా దగ్గర. ఇటలీ 'మొస్కాతో దాస్తి' అనే వైన్ ఇంకా దగ్గర, ఆల్కహాల్ ఐదు శాతం పైచిలుకే, సన్నటి బుడగ కూడా ఉంటుంది, కాకపోతే తీపి ఎక్కువ, అన్నంతో పాటు గుటకేయడానికి మొహం మొత్తుతుంది. రీస్లింగ్ కొనేటప్పుడు తీపా కాదా తెలుసుకోవడానికి ఒక కిటుకుంది. లేబుల్ మీద ఆల్కహాల్ అంకె చూడండి. ఎనిమిది, తొమ్మిది ఉంటే ద్రాక్షలోని చక్కెరలో కొంత ఆల్కహాల్‌గా మారకుండా మిగిలిందన్నమాట, కాబట్టి తియ్యగా ఉంటుంది. పన్నెండున్నర ఉంటే దాదాపు తీపి లేనట్టే. కొన్ని సీసాల వెనక లేబుల్ మీద డ్రై (తీపి లేనిది) నుంచి స్వీట్ దాకా ఒక గీతా, దాని మీద గుర్తూ ఉంటాయి. అది ఇంకా తేలిక.

రెండో విందు ఆగస్టులో పెట్టాం. మళ్ళీ ఎనిమిది మందే. బావగారు ముందే ఫోన్ చేసి, "నలుపు సీసా తియ్యనంటేనే వస్తా" అన్నారు. ఈసారి భోజనానికి రెండే వైన్లు. రీస్లింగ్ రెండు సీసాలు, ఒక్కోటి 22 డాలర్లు. ఇటలీ పీడ్‌మాంట్ ప్రాంతపు బార్బెరా ఒక సీసా. రెడ్ వైన్ లేకపోతే వెలితిగా ఉందనే వాళ్ళు కొందరుంటారు, వాళ్ళకి బార్బెరా చెప్తాను. మిగతా రెడ్‌లతో పోలిస్తే దీనికి వగరు చాలా తక్కువ, పులుపు చాలా ఎక్కువ. గోంగూర పులుపుకి ఎదురు నిలబడుతుంది. ఫ్రాన్సు రెడ్ బోజొలే కూడా ఇదే పని చేస్తుంది, ఇంకాస్త తేలిగ్గా ఉంటుంది. రెండిటినీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. రెడ్ వైన్ గది వేడిలో తాగాలని రాసినవాళ్ళ గది పదహారో పద్దెనిమిదో డిగ్రీలుండేది. మా వంటింట్లో ఆగస్టులో, నాలుగు పొయ్యిలు వెలుగుతుంటే ఎంతుంటుందో వాళ్ళకేం తెలుసు.

గారెలకీ, చేపల పులుసుకీ రీస్లింగ్. చేపకి రెడ్ పనికిరాదనే పాత మాటలో మాత్రం నిజముంది. 2009లో జపాన్ పరిశోధకులు చూసి చెప్పారు, రెడ్ వైన్‌లో ఇనుము ఎక్కువున్నప్పుడు చేపతో కలిసి నీచువాసన లేస్తుందని. అలాంటిది కొరమీను పులుసులో కనక తగిలితే రోజంతా వదలదు. గోంగూర మాంసానికి ఎవరికి కావల్సింది వాళ్ళు. ఎనిమిది మందిలో ఐదుగురు రీస్లింగ్ వైపే ఉన్నారు. బావగారు రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఎంతకీ తేల్చకుండా, మూడుసార్లు వడ్డించుకున్నారు.

చారు దగ్గర గ్లాసులు పక్కకి జరపమన్నాను. చారు తాగేదే, తాగేదానికి తాగేది జతేమిటి? పెరుగన్నం దగ్గర సీసాలే తీసేశాను. కారం తర్వాత నాలుకని చల్లబరచడానికి పెరుగుని మించింది ఏ తోటలోనూ పండదు. పైగా పెరుగూ మాగాయ ముక్కా కలిసినచోట ఏ వైన్ పోసినా, అది ఆ రెండిటికీ అవమానం. ఇక ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవపిండి ఘాటు ముక్కులోకి వెళ్ళాక వైన్ వాసన ఎవడికి తెలుస్తుంది? ఆవకాయ తినాలంటే తినండి, ఆ ముద్దకి గ్లాసు ముట్టుకోకండి.

తీపి విషయంలో మనకీ వాళ్ళకీ పెద్ద తేడా ఉంది. మన విస్తళ్ళలో తీపి ముందే పడుతుంది. బూరె కొరికి, పప్పు కలుపుకుని, మళ్ళీ బూరె. తీపి తిన్న నోటికి తీపిలేని ఏ వైనైనా పుల్లగా, చేదుగా తగులుతుంది. అందుకని వైన్ ఉన్న రోజు మాత్రం తీపిని చివరికి నెడతాను. అత్తయ్య ఉంటే ఒప్పుకునేవారు కాదేమో. మొదటిసారి పెట్టిన పోర్ట్ రుచికి చెడ్డదేమీ కాదు, కానీ నాలుగు గ్లాసుల తర్వాత 20 శాతం ఆల్కహాల్ ఎవరికీ అక్కర్లేదు. ఈసారి బొబ్బట్లకి 'మొస్కాతో' వైన్ తలా రెండు గుక్కలు పోశాను. తీపి వంటకం కన్నా వైన్ తియ్యగా ఉండాలనేది ఒక్కటే నియమం. బెల్లం, శనగపప్పు, యాలకులు, నెయ్యి, దాని మీద చల్లటి 'మొస్కాతో' వైన్. ఇదొక్కటి మాత్రం ఎవరైనా చేసి చూడొచ్చు, చెడిపోయే అవకాశం లేదు.

సీసాల సంఖ్య గురించి ఇంకో మాట. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి. ఐదు వైన్ల విందంటే, నిండుగా పోస్తే మనిషికో సీసా. మా ఇంటికొచ్చేవాళ్ళంతా కార్లలో వస్తారు, చిన్నపిల్లలతో వస్తారు. మొదటి రాత్రి అందరినీ ఊబర్ ఎక్కించి, మర్నాడు ఆదివారం మా వీధిలో వరసగా నిలబడిన కార్లకి పక్కింటివాళ్ళకి సంజాయిషీ చెప్పుకున్నాను. రెండు వైన్లయితే మనిషికి రెండు గ్లాసులు దాటవు, అవి కూడా మూడు గంటల భోజనంలో. తాగనివాళ్ళకి అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ అదే స్టీలు గ్లాసుల్లో పెట్టాను. ఎవరి గ్లాసులో ఏముందో బయటికి తెలియకపోవడం కొందరు ఆడవాళ్ళకి ఎంత నిశ్చింతో నాకు తెలుసు.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్న స్నేహితులు ఇవన్నీ మాకెక్కడ దొరుకుతాయని అడుగుతుంటారు. నాసిక్‌లో 1999లో మొదలైన సూలా వాళ్ళ షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ కొంచెం తీపి మిగిల్చి చేసే రకం, మన తిండికి నాసిక్ నుంచి వచ్చేవాటిలో నేను మొదట చెప్పేది అదే. బాగా చల్లబరచాలి. హంపి కొండల దగ్గర క్రిస్మా అనే ద్రాక్షతోట వేసింది హైదరాబాద్ దంపతులే, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. వాళ్ళ కాబర్నే గురించి గొప్పగా చెప్తారు. తాగండి, కానీ గోంగూరతో వద్దు. వేయించిన జీడిపప్పుతోనో, కారం లేని కబాబ్‌తోనో తాగండి. మనదే కదా అని కాబర్నే గోంగూర మీద దయ చూపించదు. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతో ఇంట్లోనే వైన్ చేద్దామనుకునేవాళ్ళకి కూడా ఒక మాట. అది నోట్లో వేసుకోవడానికి పెంచిన పండు, కాయ పెద్దది, నీరు ఎక్కువ. వైన్ ద్రాక్ష చిన్నగా ఉంటుంది, తీపీ పులుపూ రెండూ అందులో చిక్కబడి ఉంటాయి.

ఒకటి మాత్రం నాకింకా కుదర్లేదు. ఉలవచారు. రాత్రంతా ఉడికించి చిక్కగా చేసి, పైన మీగడ వేసుకుంటాం చూడండి, దాని ముందు రీస్లింగ్ పిల్లల జ్యూస్‌లా ఉంది. పినో నువార్ అనే రెడ్ పోశాను, మట్టి వాసన మట్టి వాసనతో కలుస్తుందని, అది కాస్తా చేదెక్కింది. బార్బెరా కొంత నయం, కానీ మీగడతో తగువు పెట్టుకుంది. ఇటలీలో ఎమీలియా వైపు పందిమాంసం, మీగడ, వెన్నల మధ్య తాగే లాంబ్రుస్కో ఎర్రగా, పుల్లగా, నురగతో ఉంటుంది, దాన్నొకసారి చూడమని సీసాలమ్మే అతను చెప్పాడు. శనివారానికి ఉలవలు నానబోశాను. మామయ్య స్టీలు గ్లాసు కడిగి పెట్టమన్నారు. బావగారికి ఇంకా చెప్పలేదు.